కంపైలర్ కొత్తది, సిస్టమ్ పాతది: తెగని తగాదా మీద ఒక సమీక్ష

చార్మినార్‌కు పడమటి వైపున లాడ్ బజార్‌లో లక్క గాజులు కొన్న పెళ్లివారు శుభలేఖల కోసం ఛత్తా బజార్ దారి పడతారు. అక్కడి ముద్రణ పనికి ఏళ్ల తరబడి ఆధారమైన జోడీలు రెండున్నాయి. తెలుగుకు పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు. ఉర్దూకు ఇన్‌పేజ్. రెండూ పాత విండోస్ మీద కుదురుగా నడిచేవి. ఈ మధ్యలో కొత్త బ్రౌజర్ కావలసి వచ్చింది, వాట్సాప్‌లో వచ్చిన యూనికోడ్ తెలుగును పేజీలో పెట్టవలసి వచ్చింది, కొత్త ప్రింటర్ కొనవలసి వచ్చింది. విండోస్ మారిస్తే ఇవన్నీ వస్తాయి. కానీ పేజ్‌మేకర్ తెరుచుకుంటుందా, పదిహేనేళ్లుగా దాచుకున్న కార్డుల ఫైళ్లు అలాగే నిలుస్తాయా అన్నది ఎవరూ పూచీ పడని సంగతి. అందుకే డీటీపీ పని తెలిసినవారు అడిగే ప్రశ్న ఒక్కటే: మొత్తం కదిలించకుండా కావలసిన ముక్క మాత్రం మార్చుకోలేమా?

ప్రోగ్రాములు రాసేవారి లోకంలో ఈ ప్రశ్న బాగా ముదిరింది కంపైలర్ దగ్గర. సీ++ భాషకు 2017లో వచ్చిన ప్రమాణం ప్రకారం రాసిన ప్రోగ్రామ్ చేతికి వచ్చింది. సర్వర్ మీద రెడ్ హ్యాట్ లైనక్స్‌కు ఉచిత రూపమైన సెంట్‌ఓఎస్ 7 ఉంది. దానితో వచ్చిన జీసీసీ 4.8 కంపైలర్‌కు ఆ ప్రమాణం తెలియదు. సర్వర్‌ను మార్చే అధికారం మనకు లేదు. మార్చినా దాని మీద నడుస్తున్న మిగతావి నిలబడతాయన్న నమ్మకం లేదు. కంపైలర్ ఒక్కటే మార్చుకుంటే? మార్చుకోవచ్చు అనేవారూ, ముట్టుకోవద్దు అనేవారూ పాతికేళ్లుగా వాదించుకుంటున్నారు. ఇద్దరి దగ్గరా నిజం ఉంది. ఒకరు కంపైలర్ గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు దాని వెంట వచ్చే లైబ్రరీల గురించి మాట్లాడుతున్నారు. ఈ రెండింటినీ విడదీయనంతకాలం చర్చ ముడిపడుతూనే ఉంటుంది.

చిక్కు ఎక్కడుంది

కంపైలర్ కూడా మామూలు ప్రోగ్రామే. మనిషి రాసిన మూలాన్ని చదివి యంత్రానికి అర్థమయ్యే కోడ్‌గా మారుస్తుంది. దాన్ని ఏ ఫోల్డర్‌లోనైనా పెట్టుకోవచ్చు, కెర్నల్ అనుమతులేవీ ప్రత్యేకంగా అక్కర్లేదు. 2021లో వచ్చిన జీసీసీ 11ను కట్టడానికి పాత జీసీసీ 4.8 సరిపోతుందని దాని నిర్మాతలే చెప్పారు. ముందు పాత కంపైలర్‌తో కొత్తదాన్ని కట్టి, ఆ కొత్తదానితో దాన్నే మళ్లీ కట్టి, మూడోసారి కట్టినది రెండోదానితో సరిపోలిందా అని చూస్తారు. జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ అనే మూడు గణిత లైబ్రరీలు దగ్గరుంచుకుని, ఓపిక పడితే ఈ పని ఎవరైనా చేయగలరు. ఇక్కడివరకు 'మార్చుకోవచ్చు' అనేవారి మాటే నిజం.

కంపైలర్ తయారుచేసిన ప్రోగ్రామ్ మాత్రం ఒంటరిగా బతకదు. తెర మీద అక్షరం రాయడానికి, ఫైలు తెరవడానికి, మెమరీ అడగడానికి అది సీ లైబ్రరీని పిలుస్తుంది. లైనక్స్‌లో ఎక్కువచోట్ల అది గ్లిబ్‌సీ. సీ++లో రాసినదైతే సీ++ లైబ్రరీని కూడా పిలుస్తుంది. ఎవరు ఎవరిని ఎలా పిలవాలి, విలువలు ఏ రిజిస్టర్‌లో ఇవ్వాలి, ఒక స్ట్రింగ్ మెమరీలో ఏ ఆకారంలో ఉండాలి అన్న ఒప్పందాన్ని ఏబీఐ అంటారు. రెండు ముక్కలను వేర్వేరు కంపైలర్లు తయారుచేసినా ఈ ఒప్పందం ఒక్కటైతే అవి కలిసి పనిచేస్తాయి. ఒప్పందం మారితే ముక్కలను కలిపే లింకర్ దగ్గరే పట్టుబడతాయి. అక్కడ తప్పించుకుంటే నడుస్తూ నడుస్తూ కూలిపోతాయి. రెండోదే ప్రమాదకరం.

గ్లిబ్‌సీ తన ఫంక్షన్లకు వెర్షన్ ముద్ర వేస్తుంది. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17. కొత్త సిస్టమ్ మీద తయారైన ప్రోగ్రామ్ 2.28 ముద్ర ఉన్న ఫంక్షన్‌ను అడిగితే ఇక్కడ అది మొదలే కాదు. పాత సిస్టమ్ మీద తయారైనది కొత్త సిస్టమ్ మీద మాత్రం నడుస్తుంది. ఈ సర్దుబాటు ఒకే దిశలో ఉంది. పోనీ గ్లిబ్‌సీనే మార్చేద్దామంటే, షెల్ దగ్గరనుంచి లాగిన్ దాకా సిస్టమ్‌లోని దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీదే నిలబడి ఉంది. అది చెడితే బాగుచేయడానికి లోపలికి వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది. 'ముట్టుకోవద్దు' అనేవారి భయానికి మూలం ఇక్కడుంది, అది సరైన భయం.

పాతికేళ్ల కథ

ఈ తగాదాకు అందరూ గుర్తుంచుకున్న తొలి ఘట్టం 2000 సెప్టెంబరులో విడుదలైన రెడ్ హ్యాట్ లైనక్స్ 7. అందులో జీసీసీ 2.96 అనే కంపైలర్ ఉంది. అలాంటి విడుదల తాము చేయనే లేదని జీసీసీ నిర్వాహక సంఘం అక్టోబరులో ప్రకటన ఇచ్చింది. తయారీలో ఉన్న కోడ్‌ను రెడ్ హ్యాట్ తన అవసరం కోసం తీసుకుని, సరిదిద్ది పంపిణీ చేసింది. దానితో తయారైన సీ++ ముక్కలు అంతకుముందున్న 2.95తోనూ, రాబోయే 3.0తోనూ కలవవు. ఆ విడుదలలోనే కెర్నల్ కట్టడానికి కేజీసీసీ అనే పేరుతో పాత కంపైలర్‌ను పక్కన పెట్టి ఇచ్చారు. అంటే ఒకే సిస్టమ్‌లో రెండు కంపైలర్లు ఉండవచ్చన్న ఆచారాన్ని సిస్టమ్ తయారీదారే పాటించాడు. తరవాత వచ్చిన పరిష్కారాలన్నిటిలో ఆ కేజీసీసీ పోలిక ఉంది.

2002లో జీసీసీ 3.2 సీ++ ఒప్పందాన్ని ఒక కొలిక్కి తెచ్చింది. 2004లో 3.4తో సీ++ లైబ్రరీ ఆరో నంబరుకు చేరింది. ఇరవయ్యేళ్లు దాటినా అదే ఆరో నంబరు నడుస్తోంది. ఈ నిలకడ ఊరికే వచ్చింది కాదు. సీ++11 ప్రమాణం స్ట్రింగ్ లోపలి అమరికను మార్చక తప్పని నిబంధన పెట్టింది. 2015లో జీసీసీ 5 ఆ మార్పు తెచ్చినప్పుడు పాత స్ట్రింగ్‌నూ కొత్త స్ట్రింగ్‌నూ ఒకే లైబ్రరీలో పక్కపక్కన ఉంచి, ఏది కావాలో ఎంచుకునే మీట ఇచ్చారు. పాత ప్రోగ్రాములు చెడలేదు. కానీ ఒకరు పాత మీటతో, ఇంకొకరు కొత్త మీటతో తయారుచేసిన లైబ్రరీలను కలపబోయిన వారికి లింకర్ చుక్కలు చూపించింది.

కంపైలర్ మార్పు అత్యవసరమైన సందర్భం 2018 జనవరిలో వచ్చింది. స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడింది. దాన్ని అడ్డుకునే రెట్‌పోలిన్ పద్ధతికి కొత్త కంపైలర్ కావాలి. అదే నెలలో జీసీసీ 7.3 ఆ సదుపాయంతో విడుదలైంది. రెడ్ హ్యాట్ తన పాత 4.8లోకే ఆ మార్పును వెనక్కి తెచ్చి అతికించింది. వెర్షన్ నంబరు పాతది, లోపలి బుద్ధి కొత్తది. కంపైలర్ వయసును నంబరు చూసి లెక్కగట్టేవారు ఈ సంగతి మరిచిపోతుంటారు.

మన కాలేజీల్లో ఇదే కథ తిరగబడింది

తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివిన రెండు తరాలకు ఈ సమస్య ఎదురు దిక్కునుంచి తెలుసు. వాళ్ల ల్యాబ్‌లలో విండోస్ మారుతూ వచ్చింది, కంపైలర్ మారలేదు. 1990ల తొలినాళ్ల బోర్లాండ్ టర్బో సీ++ నీలం తెర, విండోస్ 7 వచ్చాకా 10 వచ్చాకా కూడా తెరుచుకుంటూనే ఉంది. అది 16-బిట్ ప్రోగ్రామ్. 64-బిట్ విండోస్ అలాంటివాటిని నడపదు. అందుకని డాస్‌బాక్స్ అనే అనుకరణ యంత్రంలో పెట్టి నడిపారు. సీ++కు తొలి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది 1998లో. టర్బో సీ++ దానికంటే ముందుది. ఆ ల్యాబ్‌లలో నేర్చుకున్న హెడర్ పేర్లు, తెర తుడిచే ఫంక్షన్లు ఏ ఉద్యోగంలోనూ పనికిరాలేదు. పూర్ణాంకానికి 16 బిట్లు అన్న లెక్క అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు దాటి కంపెనీలో అడుగుపెట్టగానే తప్పయింది.

ఈ చర్చలో టర్బో సీకి చోటు ఇవ్వవలసిన కారణం ఉంది. కంపైలర్‌నూ సిస్టమ్‌నూ విడదీయడం సాంకేతికంగా సాధ్యమని డాస్‌బాక్స్ పూర్తిగా రుజువు చేసింది. ముప్పయ్యేళ్ల కంపైలర్ నేటి కంప్యూటర్ మీద చక్కగా నడిచింది. నష్టం జరిగింది విద్యార్థికి. సిలబస్, ప్రాక్టికల్ పరీక్ష, రికార్డు పుస్తకం ఆ కంపైలర్ చుట్టూ అల్లుకున్నాయి కాబట్టి దాన్ని కదిలించే అవసరం ఎవరికీ రాలేదు. విడదీయగలిగిన ముక్క కాబట్టే అది అలా ఉండిపోయింది. ముక్కలుగా మార్చుకునే పద్ధతిని మెచ్చుకునేవారు ఈ పక్కను కూడా చూడాలి.

మొత్తం ఒకేసారి మారాలనేవారు

వీరి వాదం సూటిగా ఉంటుంది. ఒక పంపిణీలోని వేల ప్యాకేజీలను ఒకే కంపైలర్‌తో కట్టి, ఒకే లైబ్రరీతో పరీక్షిస్తారు. ఆ పరీక్షే వినియోగదారుడికి దక్కే హామీ. మధ్యలో ఒక ముక్క మార్చిన సిస్టమ్‌ను ప్రపంచంలో ఇంకెవరూ పరీక్షించి ఉండరు. చెడితే అడగడానికి దిక్కుండదు.

ఆపిల్ ఈ మార్గాన్ని నియమంగానే పెట్టింది. ఆపిల్ కంపైలర్‌తో కలిసి వచ్చే ఎక్స్‌కోడ్ 15 కావాలంటే మాక్‌ఓఎస్ 13.5 ఉండాలి. 2024 ఏప్రిల్ చివరినుంచి యాప్ స్టోర్‌కు పంపే యాప్‌లు ఎక్స్‌కోడ్ 15తో తయారైనవై ఉండాలన్నారు. పాత మాక్ యంత్రాలకు ఆ మాక్‌ఓఎస్ రాదు. అంటే స్టోర్ కంపైలర్‌ను అడుగుతుంది, కంపైలర్ సిస్టమ్‌ను అడుగుతుంది, సిస్టమ్ కొత్త యంత్రాన్ని అడుగుతుంది. కొనగలిగినవారికి ఇది నిశ్చింత. కొత్తగా యాప్‌లు నేర్చుకుంటూ సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద ఆధారపడినవారికి ఇది తలుపు మూయడమే. ఈ ఖర్చును ఈ వర్గం తన లెక్కలో వేసుకోదన్నది నా ప్రధాన అభ్యంతరం.

వీరి వాదంలో గట్టి భాగం భద్రతకు సంబంధించింది. సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో కాలం చెల్లింది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. ఆ తేదీల తరవాత ఎంత కొత్త కంపైలర్ పెట్టుకున్నా కింది నేల మరమ్మతు లేకుండా ఉంటుంది. నెట్‌కు తగిలించిన యంత్రం విషయంలో ఈ మాటకు జవాబు లేదు.

పక్కన పెట్టుకునేవారు

ఎక్కువమంది నడిచే దారి ఇదే, ఇందులో వైవిధ్యమూ ఎక్కువే. అందరికీ తెలిసిన తొలి పద్ధతి మూలాన్ని తెచ్చుకుని వేరే ఫోల్డర్‌లో కట్టుకోవడం. సిస్టమ్ కంపైలర్ తన చోట తాను ఉంటుంది. చేసే తప్పు కూడా దాదాపు అందరూ ఒకటే చేస్తారు. కొత్త కంపైలర్‌తో ప్రోగ్రామ్ తయారవుతుంది, నడిపేటప్పుడు పాత సీ++ లైబ్రరీ తగులుతుంది. అప్పుడు లైబ్రరీల దారి చెప్పే వేరియబుల్‌ను మొత్తం సెషన్‌కు మార్చేస్తారు. దానితో సంబంధం లేని ప్రోగ్రాములు కూడా కొత్త లైబ్రరీ వైపు మళ్లుతాయి. దారిని ప్రోగ్రామ్‌లోపలే రాసిపెట్టడం దీనికంటే మేలు. సీ++ లైబ్రరీని ప్రోగ్రామ్‌లోనే కలిపేయడం కొన్ని సందర్భాల్లో ఇంకా మేలు.

రెడ్ హ్యాట్ డెవలపర్ టూల్‌సెట్ ఈ దారిలో అన్నిటికంటే తెలివైన పనితనం. కొత్త జీసీసీని వేరే చోట ఉంచి, కావలసినప్పుడు మాత్రం ఒక షెల్‌లో వెలిగిస్తారు. కొత్త కంపైలర్‌తో తయారైన ప్రోగ్రామ్, సిస్టమ్‌లో ఉన్న పాత సీ++ లైబ్రరీలో దొరికినంతవరకు దాన్నే వాడుకుంటుంది. అక్కడ లేని కొత్త ముక్కలు మాత్రం ప్రోగ్రామ్‌లోనే కలిసిపోతాయి. అలా తయారైన ఫైలును టూల్‌సెట్ లేని మరో సెంట్‌ఓఎస్ 7 మీదికి తీసుకెళ్లినా నడుస్తుంది. పదేళ్ల పాటు మారని సిస్టమ్ మీద ఒకదాని తరవాత ఒకటి కొత్త జీసీసీలు ఇలా అందించారు. రెడ్ హ్యాట్ సిస్టమ్ ఎనిమిదో వెర్షన్‌నుంచి ఇదే ఏర్పాటు జీసీసీ టూల్‌సెట్ అన్న పేరుతో సాగుతోంది. దీనికి చెల్లించే మూల్యం కూడా చెప్పుకోవాలి: సీ++ స్ట్రింగ్ విషయంలో పాత అమరికకే కట్టుబడి ఉండాలి. సిస్టమ్ కాలం ముగిసి దాని ప్యాకేజీల గోదాము మూతపడినప్పుడు, ఈ పక్క పనిముట్లు కూడా మామూలు దారిలో దొరకకుండా పోయాయి.

ఉబుంటులో టూల్‌చెయిన్ పీపీఏ అనే అదనపు ప్యాకేజీల గోదాము చాలామందికి అలవాటు. దాని గురించి ఒక జాగ్రత్త తక్కువగా వినిపిస్తుంది. అది కొత్త జీసీసీతోపాటు సిస్టమ్‌లో ఉన్న సీ++ లైబ్రరీని కూడా కొత్తదానితో మారుస్తుంది. లైబ్రరీ వెనకటి ప్రోగ్రాములకు అనుకూలంగానే ఉంటుంది కాబట్టి సాధారణంగా ఏమీ కాదు. కానీ ఆ యంత్రం మీద తయారైన ప్రోగ్రామ్‌ను మామూలు ఉబుంటు మీదికి తీసుకెళ్తే మొరాయించవచ్చు.

సూపర్ కంప్యూటర్ల లోకం ఈ ప్రశ్నను అందరికంటే ముందే ఎదుర్కొంది. ఒకే యంత్రం మీద వాతావరణం వారికి ఒక కంపైలర్, రసాయనశాస్త్రం వారికి ఇంకొకటి కావాలి. అక్కడ మామూలు వినియోగదారుడికి సిస్టమ్‌ను మార్చే అధికారం ఎప్పుడూ లేదు. 1991లో జాన్ ఫర్లాని ప్రతిపాదించిన, ఒక్క ఆదేశంతో కంపైలర్‌ను ఎంచుకునే మాడ్యూల్స్ పద్ధతి ఇప్పటికీ అక్కడి రోజువారీ వాడుక. దాని మీద లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో పుట్టిన స్పాక్ అనే ప్యాకేజీల పనిముట్టు వచ్చి చేరింది. జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో నెలకొల్పిన 838 టెరాఫ్లాప్స్ పరమ్ సేవ లాంటి యంత్రాల మీద పరిశోధకులు ఈ పనిముట్లతోనే తమకు కావలసిన కంపైలర్‌ను ఎంచుకుంటారు. తగాదాను అక్కడ ఎవరూ తీర్చలేదు. ఒక్క సిస్టమ్ కంపైలర్ అందరికీ సరిపోతుందన్న ఆశను మొదటే వదులుకున్నారు, అంతే.

కొత్త భాషలు ఈ అనుభవం చూసి పుట్టాయి. రస్ట్ భాషలో రస్టప్ ద్వారా కంపైలర్ నేరుగా వినియోగదారుడి ఫోల్డర్‌లోకి వస్తుంది. గో భాష 2023లో వచ్చిన 1.21 నుంచి ప్రాజెక్టు అడిగిన కంపైలర్ వెర్షన్‌ను తానే దించుకుంటుంది. సిస్టమ్ ఇచ్చే కంపైలర్ మీద ఆధారపడటం సీ, సీ++ల వారసత్వమే తప్ప కంపైలర్లకు సహజ లక్షణం కాదని ఇవి చూపించాయి.

వేరు కాపురం పెట్టించేవారు

ఎల్కో డోల్‌స్ట్రా 2003లో మొదలుపెట్టిన నిక్స్ అనే ప్యాకేజీల నిర్వహణ పద్ధతి, ఆ బాటలో 2012లో వచ్చిన గ్విక్స్ మరో అడుగు ముందుకు వేశాయి. కంపైలర్‌తోపాటు గ్లిబ్‌సీని కూడా వేరే చోట ఉంచి, ప్రతి ప్రోగ్రామ్‌కూ తన లైబ్రరీల దారిని పూర్తిగా రాసిపెడతాయి. పాత సిస్టమ్ కింద కెర్నల్ ఇస్తే చాలు, మిగతా అంతా కొత్తదే. సిద్ధాంతపరంగా ఇంత శుభ్రమైన జవాబు మరొకటి లేదు. నేర్చుకోవడానికి పట్టే శ్రమ వల్ల ఇది ఇంకా కొద్దిమంది దగ్గరే ఉంది.

2013లో వచ్చిన డాకర్ అదే ఫలితాన్ని సులువు చేసింది. సెంట్‌ఓఎస్ 7 మీద ఉబుంటు కంటైనర్, అంటే గోడ కట్టి వేరుచేసిన చిన్న సిస్టమ్, తెరిచి, దానిలోపల కొత్త జీసీసీతో పనిచేసుకోవచ్చు. ఇది సాధ్యపడటానికి కారణం లైనక్స్ కెర్నల్ పాత ప్రోగ్రాములను చెడగొట్టకూడదన్న దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పట్టుదల. అయితే కంటైనర్లన్నీ కింద ఉన్న ఒకే కెర్నల్‌ను పంచుకుంటాయి. 2021లో గ్లిబ్‌సీ 2.34 కొత్త సిస్టమ్ కాల్‌ను వాడటం మొదలుపెట్టినప్పుడు, పాత డాకర్ భద్రతా వడపోత దాన్ని గుర్తించక తప్పు జవాబు ఇచ్చింది. కొత్త కంటైనర్లు పాత డాకర్ మీద నిలిచిపోయాయి. గోడ ఎంత మందంగా కట్టినా పునాది ఉమ్మడిదేనని అప్పుడు తెలిసింది.

పైథాన్ లోకం కంటైనర్‌ను తలకిందులుగా వాడుకుంది. 2016లో ఆమోదించిన మెనీలైనక్స్ పద్ధతిలో, లైబ్రరీలను కావాలనే పాత సెంట్‌ఓఎస్ 5 కంటైనర్‌లో, పక్కన పెట్టిన కొత్త కంపైలర్‌తో తయారుచేశారు. పాత గ్లిబ్‌సీ ముద్రతో తయారైనది గ్లిబ్‌సీ ఉన్న దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది కాబట్టి. పాత సిస్టమ్, కొత్త కంపైలర్ అన్న కలయికను ఇబ్బందిగా చూడకుండా పంపిణీకి అనువైన విధానంగా వాడుకున్న ఉదాహరణ ఇది. ఈ చర్చ మొత్తంలో ఇంతకంటే విలువైన ఆలోచన నాకు కనిపించలేదు.

అక్షరం దగ్గర మనం పడ్డ పాట్లు

తెలుగువారికి ఈ వివాదం కంపైలర్ కంటే ముందు అక్షరం రూపంలో ఇంటికొచ్చింది. యూనికోడ్‌లో క, పొల్లు, ష వరసగా ఉంటే తెర మీద క్ష కావాలి. ఈ కూర్పు చేసే భాగం కూడా ఒక రకంగా అనువాదకుడే: సంకేతాల వరసను తీసుకుని ఆకారాల వరసను ఇస్తుంది. విండోస్‌లో ఆ పని యూనిస్క్రైబ్‌ది. 2001 నాటి ఎక్స్‌పీలో తెలుగుకు గౌతమి ఫాంటు ఉంది కానీ, సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని కంట్రోల్ ప్యానెల్‌లో విడిగా ఎక్కించాలి. ఎక్కించినా కొన్ని ఒత్తులు కుదిరేవి కావు. కొత్త ఆఫీస్‌తో వచ్చిన యూనిస్క్రైబ్ ఫైలును తీసుకెళ్లి కావలసిన ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో పెట్టుకోవడం అప్పట్లో తెలిసినవారి చిట్కా. ప్రోగ్రామ్ ముందు తన ఫోల్డర్‌లో వెతుక్కుంటుంది కాబట్టి విండోస్ మారకుండానే అక్షరం బాగుపడేది. కంపైలర్‌ను పక్కన పెట్టుకునేవారు చేసే పని అచ్చంగా ఇదే.

తరవాత హార్ఫ్‌బజ్ అనే అక్షరాల కూర్పు లైబ్రరీ వచ్చింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ దాన్ని తమలోనే మోసుకెళ్లాయి. 2017లో లిబ్రేఆఫీస్ 5.3 అన్ని సిస్టమ్‌ల మీదా దానికే మారింది. అక్షరం కూర్పు సిస్టమ్ చేతిలోనుంచి ప్రోగ్రామ్ చేతికి వచ్చింది. పాత విండోస్ మీద కూడా తెలుగు సరిగ్గా కనిపించసాగింది.

దీనికి ఎదురు సాక్ష్యం 2018 ఫిబ్రవరిలో దొరికింది. జ్ఞ మీద దీర్ఘం, ఆ మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉన్న తెలుగు కూర్పు ఐఫోన్‌లో యాప్‌లను కూల్చేసింది. ఆ సందేశం వచ్చిన యాప్‌ను మళ్లీ తెరవబోతే మళ్లీ కూలేది. లోపం ఆపిల్ అక్షరాల కూర్పు భాగమైన కోర్‌టెక్స్ట్‌లో ఉంది. యాప్ తయారుచేసినవారి చేతిలో నేరుగా సరిదిద్దే వీలు లేదు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదలయ్యేదాకా అందరూ ఆగారు. ఒక తెలుగు అక్షరం కోసం మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొత్త వెర్షన్ ఇవ్వవలసి వచ్చింది. అది ప్రపంచమంతటా వార్త అయింది కాబట్టి రోజుల్లో పరిష్కారం దొరికింది. ఫోన్‌ను కూల్చకుండా, ఊరికే ఒత్తు తప్పుగా చూపించే లోపాలకు ఆ వేగం ఉండదు. సిస్టమ్ ప్రాధాన్యాల జాబితాలో చిన్న మార్కెట్ల భాషలు కిందనే ఉంటాయి. అందువల్ల కూర్పు పొర సిస్టమ్‌నుంచి విడివడటం తెలుగుకు జరిగిన మేలుల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పోల్చి చూస్తే

మొత్తం మార్చేవారికి పరీక్షించిన కూర్పు, భద్రత దక్కుతాయి. యంత్రం ఖర్చు, పాత ఫైళ్ల గండం మీద పడతాయి. పక్కన పెట్టుకునేవారు తక్కువ ఖర్చుతో పని జరిపించుకుంటారు, గ్లిబ్‌సీ జోలికి పోనంతవరకు ప్రమాదమూ తక్కువే. కాకపోతే పక్కన పెట్టినదాన్ని నవీకరించే బాధ్యత వారిదే, పెట్టినవారు ఉద్యోగం మారితే దాని ఊసు ఎవరికీ తెలియదు. వేరు కాపురం వారికి స్వేచ్ఛ అందరికంటే ఎక్కువ. అదే సమయంలో ప్రతి కంటైనర్‌లో ఒక పూర్తి సిస్టమ్ ఉంటుంది, దాని లోపాలకు ప్రతిదాన్నీ విడివిడిగా మరమ్మతు చేయాలి. హార్ఫ్‌బజ్‌లో భద్రతా లోపం బయటపడినా ఇంతే, దాన్ని మోసుకెళ్తున్న ప్రతి ప్రోగ్రామూ కొత్త విడుదల ఇవ్వాలి.

నా తీర్పు అడిగితే, సిస్టమ్ కంపైలర్‌ను తీసేసి దాని స్థానంలో కొత్తది పెట్టడం ఏ సందర్భంలోనూ వద్దు. సిస్టమ్‌కు మద్దతు ఉన్నంతకాలం దాని తయారీదారు ఇచ్చే టూల్‌సెట్ మొదటి ఎంపిక. అది లేకపోతే కంటైనర్. మద్దతు ముగిశాక కంపైలర్ ప్రశ్నకు అర్థం ఉండదు, సిస్టమ్‌నే మార్చాలి. మార్చలేని యంత్రాన్ని నెట్‌నుంచి విప్పేసి పాత పనికే ఉంచాలి.

తేలనివి

పాత సిస్టమ్‌ను వదిలేసే హక్కు ఎవరిది? 2024 ఆరంభంలో వీఎస్ కోడ్ అనే ఎడిటర్ 1.86 వెర్షన్, గ్లిబ్‌సీ 2.28 కంటే పాతవాటిలో తన సర్వర్ భాగాన్ని నడపబోనంది. దూరపు సర్వర్ల మీద పనిచేసే వేలమంది ఒక్క పొద్దున ఎడిటర్‌నుంచి తెగిపోయారు. నిరసన రాగానే కొద్ది రోజుల్లో వెనక్కి తగ్గి ఏడాది గడువు ఇచ్చారు. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ 18 అంతకుముందే అదే గీత గీసింది. ఎడిటర్ తానే నవీకరించుకుంటుంది, సర్వర్ నిర్వాహకుడి అనుమతితో కదులుతుంది. ఈ రెండు వేగాల మధ్య నలిగేవారికి ముందస్తు నోటీసు ఎంత ఉండాలన్నదాని మీద ఏ ఒప్పందమూ లేదు.

సీ++ ఒప్పందాన్ని ఎప్పటికైనా విరవాలా అన్నది మరొకటి. 2020 ఫిబ్రవరిలో ప్రాగ్‌లో జరిగిన ప్రమాణాల సంఘం సమావేశంలో దీన్ని చర్చించి, తక్షణం విరవడానికి మొగ్గలేదు. వేగం కోరేవారు అసంతృప్తిగా ఉన్నారు, పాత లైబ్రరీలను మళ్లీ కట్టలేనివారు ఊపిరి పీల్చుకున్నారు. కొత్త సిస్టమ్ మీద కూర్చుని పాత గ్లిబ్‌సీకి సరిపడే ప్రోగ్రామ్ తయారుచేసే వీలు జీసీసీలో నేరుగా ఇప్పటికీ లేదు. జిగ్ భాష పనిముట్లు 2.17 అని చెబితే 2.17కే తయారుచేసి ఇస్తున్నాయి. చేయవచ్చని తెలిసిన పనిని పెద్ద కంపైలర్లు ఎందుకు సొంతం చేసుకోలేదో సంతృప్తికరమైన వివరణ దొరకదు.

ముక్కలుగా మార్చే ఏ పద్ధతికీ లొంగనిది కాలం లెక్క. 32-బిట్ సిస్టమ్‌లలో సమయాన్ని 1970నుంచి సెకన్లలో లెక్కించే సంఖ్య 2038 జనవరి 19న నిండిపోతుంది. ఆ సంఖ్య వెడల్పు పెంచితే దాన్ని ఇచ్చిపుచ్చుకునే ప్రతి లైబ్రరీ ఒప్పందమూ మారుతుంది. కొత్త కంపైలర్ ఒక్కటే తెచ్చుకుంటే ప్రయోజనం లేదు. డెబియన్ 2024లో 32-బిట్ ఆర్మ్ కోసం వేల ప్యాకేజీలను తిరిగి కట్టి, 2025 ఆగస్టులో వచ్చిన పదమూడో విడుదలలో ఆ మార్పు ఇచ్చింది. 32-బిట్ ఇంటెల్‌ను మాత్రం పాత లెక్కలోనే వదిలేసింది. మూలం కోడ్ పోయి, తయారైన ఫైళ్లు మాత్రమే మిగిలిన పాత ప్రోగ్రాములు ఇంకా నడవాలంటే ఆ పాత లెక్కే ఉండాలి. అవి నడుస్తున్న యంత్రాలకు ఇంకా పన్నెండేళ్ల లోపు సమయం ఉంది.